సముద్రం లెక్క టాలీ అయ్యేదాకా...

ముప్ఫై ఏడేళ్లు బ్యాంకులో పనిచేసినవాడికి రిటైరయ్యాక కూడా ఒక జబ్బు వదలదు. ఎక్కడ ఏ అంకె కనిపించినా దానికి జోడీ అంకె వెతుకుతాడు. ఒక పుస్తకంలో ఉన్నది నిజమని నమ్మాలంటే ఇంకో పుస్తకంలోనూ అదే ఉండాలి. పాస్‌బుక్కు ఒకటి చెబుతుంది, లెడ్జరు ఒకటి చెబుతుంది. రెండూ కలిస్తే సాయంత్రం ఇంటికెళతాం. కలవకపోతే, తేడా పది పైసలే అయినా, రాత్రి పదింటిదాకా కూర్చుంటాం. ఇంట్లో కూరల లెక్క కూడా అలాగే అడుగుతానని మా ఆవిడ ఫిర్యాదు.

ఆ జబ్బే నన్ను అరవై దాటాక సముద్రం దగ్గరకు తీసుకెళ్లింది. సముద్రం అంటే బీచ్ అనుకునేరు! మా కోడలి లాప్‌టాప్‌లో ఉండే సముద్రం.

ఆ అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని ఇప్పుడు సముద్రశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. 'హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం మీద పరిశోధనేమిటే!' అని మా బంధువులు నవ్వుతుంటారు. నవ్వేవాళ్లకు తెలియని సంగతేమిటంటే, మన దేశానికంతటికీ సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది ఈ ఊళ్లోనే, ప్రగతినగర్‌లో. 1999లో ఏర్పడింది. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో జాలర్లకు వాళ్ల భాషలోనే చెప్పేది అదే. 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నదీ అదే. అల చప్పుడు వినపడని ఊళ్లో సముద్రాన్ని కనిపెట్టి చూసే ఆఫీసు! విచిత్రమే కానీ, సముద్రాన్ని చూడటానికి ఒడ్డున నిలబడాల్సిన రోజులు ఎప్పుడో పోయాయి.

పాత బాకీ

నాకు సముద్రంతో ఓ పాత బాకీ ఉంది. మాది దివిసీమ. 1977 నవంబరు 19. అప్పుడు నేను బందరులో డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఆ పదివేలలో మా మేనమామ ఉన్నాడు. మా అత్తయ్య ఉంది. నాకంటే చిన్నవాళ్లు, ఇద్దరు మరదళ్లు ఉన్నారు.

తుపాను వస్తోందని మా మేనమామకు తెలియక కాదు. ఆయన తుపాన్లు చూస్తూనే పెరిగాడు. వచ్చేది ఎంత పెద్దదో తెలియలేదు. తలుపులు బిగించుకుని, గింజలు అటకెక్కించుకుంటే గడిచిపోయేదా? లేక ఇల్లూ గొడ్డూ వదిలేసి పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తాల్సినదా? ఆ తేడా చెప్పేవాళ్లు ఆ రోజు ఆ ఊళ్లో ఎవరూ లేరు. చాలా ఏళ్లు నేను ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనుకుని ఏం లాభం?

ఓ రాత్రి కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే, మంచినీళ్లకని లేచినవాణ్ని ఆ రంగుల పటం చూసి ఆగిపోయాను. బంగాళాఖాతం. మధ్యలో ఎర్రటి మచ్చ.

''ఏమిటమ్మా ఆ ఎరుపు?''

''తుపానుకి తిండి మావయ్యగారూ'' అంది.

ఆ ఒక్క మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పైన చూస్తే చాలదు

తుపానుకి బలం సముద్రపు వేడి నుంచి వస్తుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఇంకోటుంది. తుపాను గాలి సముద్రాన్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. అడుగున చల్లటి నీరు దగ్గర్లోనే ఉంటే అది పైకి వచ్చేస్తుంది. అప్పుడు తుపాను తన పొయ్యిని తానే ఆర్పుకున్నట్టవుతుంది. అలా కాకుండా వెచ్చటి నీరు చాలా లోతుదాకా ఉందనుకోండి... ఎంత చిలికినా వెచ్చటి నీరే వస్తుంది. పొయ్యి మండుతూనే ఉంటుంది.

మన బంగాళాఖాతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. వానాకాలం ముగిసేసరికి గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన మంచినీరు సముద్రం మీద పలచటి పొరలా పరుచుకుంటుంది. మామూలుగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పుంటే, ఉత్తర బంగాళాఖాతంలో ఆ రోజుల్లో పైనీటిలో 30 గ్రాములకన్నా తగ్గిపోతుంది. మజ్జిగ మీద తేట నిలిచినట్టు ఆ తేలికనీరు పైనే నిలుస్తుంది. కిందిదానితో ఓ పట్టాన కలవదు. అడుగునున్న చల్లదనం పైకి రాకుండా అదో మూత. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి వచ్చే తుపాన్లు అంత మొండిగా ఉండటానికి అదీ ఓ కారణం.

అంటే తుపాను ఎంత బలపడుతుందో అంచనా వేయాలంటే సముద్రం పైన ఎంత వెచ్చగా ఉందన్నది ఒక్కటే చాలదు. ఆ వెచ్చదనం ఎంత లోతుదాకా ఉందో తెలియాలి. శాస్త్రవేత్తలు 26 డిగ్రీలను గీతగా పెట్టుకుంటారు. ఆ వేడి ఎంత లోతువరకూ ఉందో చూసి, దానిపైనున్న నీటిలో మొత్తం ఎంత వేడి నిలవుందో లెక్కగడతారు. నేను చూసిన ఎర్ర మచ్చ అదే. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఖాతాలో బ్యాలెన్సు!

మరి ఆ లోతు ఎవరు చెబుతారు? ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు ఆకాశంలో, ఒకరు నీళ్లలో.

ఆకాశంలోవాడు ఉపగ్రహం. వాడికి సముద్రమంతా కనిపిస్తుంది. కానీ వాడు చూసేది చర్మమే. పరారుణ కిరణాలతో కొలిచే ఉపగ్రహానికి అందేది వెంట్రుక మందం కన్నా పలచటి పై పొర. మధ్యలో మబ్బు అడ్డొస్తే అదీ లేదు. తుపాను రోజుల్లో ఉండేది మబ్బులేగా! మైక్రోవేవ్‌తో కొలిచేవి మబ్బు దాటి చూస్తాయి కానీ వాటి చూపు కొంచెం మసక. ఇంకో రకం ఉపగ్రహం సముద్రమట్టం ఎత్తును సెంటీమీటర్ల తేడాతో కొలుస్తుంది. వెచ్చటి నీరు వ్యాకోచిస్తుంది కదా, కింద వేడి ఎక్కువున్న చోట సముద్రం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు దానికి దొరుకుతుంది. లోపల ఏ లోతున ఏముందో మాత్రం దొరకదు.

నీళ్లలోవాడి పేరు ఆర్గో ఫ్లోట్. ఇంచుమించు మనిషంత పొడవుండే గొట్టం. సముద్రంలో వదిలేస్తే కిలోమీటరు లోతుకు మునిగి, ప్రవాహంతోపాటు కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కణ్నుంచి పైకి వస్తూ దారిపొడుగునా నీటి వేడినీ, ఉప్పునీ, పీడనాన్నీ కొలుస్తుంది. పైకి తేలి, కొలిచిందంతా ఉపగ్రహానికి చెప్పి, మళ్లీ బుడుంగున మునుగుతుంది. బ్యాటరీ ఉన్నంతకాలం, నాలుగైదేళ్లపాటు, ఇదే దాని కొలువు. ప్రపంచ సముద్రాలన్నిటిలో ఇలాంటివి దాదాపు నాలుగువేలున్నాయి. వినడానికి ఎక్కువే కానీ, సగటున మూడొందల కిలోమీటర్లకు ఒకటి. హైదరాబాద్‌లో ఒకటుంటే ఇంకోటి విజయవాడ దాటాకే!

ఒకడికి వెడల్పు తెలుసు, లోతు తెలియదు. ఇంకోడికి లోతు తెలుసు, వెడల్పు తెలియదు. అందుకే ఈ ఇద్దరికీ పేర్లు కూడా జంటగానే పెట్టారు. గ్రీకు పురాణంలో జేసన్ అనే వీరుడి ఓడ పేరు ఆర్గో. 2001 డిసెంబరులో సముద్రమట్టాన్ని కొలవడానికి పైకి వెళ్లిన ఉపగ్రహం పేరు జేసన్. నీళ్లలో మునిగేవాటి పేరు ఆర్గో. వీరుడూ, ఓడా కలిస్తేనే ప్రయాణం!

ఇద్దరూ తప్పు చెప్పగలరు

ఇంతవరకూ విని, ''అయితే ఇద్దరి మాటా కలిపేస్తే సరిపోయింది కదమ్మా'' అన్నాను.

కోడలు నవ్వింది. ''మీ బ్యాంకులో రెండు పుస్తకాలు కలిపేసేవాళ్లా, సరిచూసేవాళ్లా?''

ఆ తర్వాత తను చెప్పిన రెండు కథలు నాకు ఏ డిటెక్టివ్ నవలకూ తీసిపోలేదు.

మొదటిది 1982 నాటిది. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో మెక్సికోలో ఎల్ చిచోన్ అనే అగ్నిపర్వతం పేలింది. దాని గంధకపు పొర ఆకాశంలో పరుచుకుంది. సరిగ్గా అప్పుడే పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతోంది. ఎల్‌నినో మొదలైందన్నమాట. కానీ మధ్యలో ఆ పొర అడ్డురావడంతో ఉపగ్రహాలు సముద్రాన్ని ఉన్నదానికన్నా చల్లగా చూపించాయి. ఆకాశం నుంచి చూసినవాడు 'అంతా మామూలే' అన్నాడు. ఆ శతాబ్దపు అతి పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి వచ్చి కూర్చున్నాక గానీ శాస్త్రవేత్తలు గుర్తించలేకపోయారు. పెరూలో వరదలు, ఆస్ట్రేలియాలో కరవు. ఆ ఏడాది మన నైరుతి రుతుపవనాలూ బలహీనంగానే ముగిశాయి. ఆ దెబ్బతో పసిఫిక్ పొడవునా సుమారు 70 బోయాలను లంగరు వేసి నిలబెట్టారు. 1994కి ఆ పని పూర్తయింది. ఉపగ్రహం చెప్పినదాన్ని నీళ్లలో ఉన్నవాడిచేత సరిచూపించడానికి!

రెండో కథలో పాత్రలు తారుమారు. 2006లో అమెరికాకు చెందిన జాన్ లైమన్, జోష్ విల్లిస్, గ్రెగరీ జాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఒక పరిశోధన పత్రం అచ్చువేశారు. 2003 నుంచి 2005 వరకు సముద్రాల పై భాగం చల్లబడిందన్నది దాని సారాంశం. భూమి వేడెక్కుతోందని అందరూ అంటుంటే సముద్రం చల్లబడటమేమిటి? పెద్ద సంచలనమే అయింది.

ఇక్కడే నాలోని బ్యాంకువాడు నిటారుగా కూర్చున్నాడు. ఎందుకంటే దీనికి మూడు పుస్తకాలున్నాయి. సముద్రమట్టం పెరిగిందంటే రెండే కారణాలు. ఉన్న నీరు వేడెక్కి ఉబ్బాలి. లేదా కరిగిన మంచులాంటిది కొత్త నీరు వచ్చి చేరాలి. ఎత్తును జేసన్ కొలిచేది. కొత్త నీటి బరువును 2002లో వెళ్లిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు 2017 దాకా భూమ్యాకర్షణలో తేడాను బట్టి కనిపెట్టేవి. వేడిని ఆర్గో చెబుతుంది. మొత్తం ఇంత, అందులో పద్దులు ఇంతింత! సముద్రం చల్లబడితే కుంచించుకుపోవాలి, మట్టం తగ్గాలి. కానీ జేసన్ చూస్తే మట్టం పెరుగుతూనే ఉందంటోంది. చేరిన నీటి లెక్క చూసినా ఆ తేడా పూడటంలేదు. టాలీ కాలేదు!

విల్లిస్ తమ లెక్కనే మళ్లీ మొదటి నుంచీ తవ్వాడు. తేలిందేమిటంటే, కొన్ని ఫ్లోట్లలో వేడి సరిగానే నమోదవుతోంది కానీ దానికి జతచేసిన లోతు తప్పు. ఒకరి జీతం ఇంకొకరి ఖాతాలో వేసినట్టు! దానికితోడు అంతకుముందు ఓడల మీద నుంచి జారవిడిచిన పరికరాలు ఉన్నదానికన్నా ఎక్కువ వేడి చూపించేవి. నిన్నటిది ఎక్కువ చూపించి, ఇవాళ్టిది తక్కువ చూపిస్తే మధ్యలో చల్లబడినట్టే కదా కనిపించేది! 2007లో ఆ శాస్త్రవేత్తలు తమ పత్రానికి తామే సవరణ ప్రకటించారు. సముద్రం చల్లబడలేదు.

ఒకసారి పైనున్నవాడు తప్పు చెబితే కిందివాడు పట్టుకున్నాడు. ఇంకోసారి కిందివాడు తప్పు చెబితే పైవాడు పట్టుకున్నాడు. ఎవరో ఒకర్నే నమ్ముకుని ఉంటే ఆ తప్పు ఎన్నాళ్లు నిజంగా చలామణీ అయ్యేదో!

మూడోవాడి సంగతేమిటి?

ఇద్దరు సాక్షుల్ని నిలదీసేవాడు ఒకడుండాలి కదా. అదే సాఫ్ట్‌వేర్. అది చేసే పని వినడానికి సులువే. ఫలానా రోజు ఫలానా చోట ఫ్లోట్ పైకి తేలింది. అదే చోట, ఇంచుమించు అదే సమయానికి ఉపగ్రహం ఏం చెప్పింది? రెండూ పక్కపక్కన పెట్టాలి. ఉపగ్రహం చూసేది చర్మాన్ని. ఫ్లోట్ కొలత మొదలయ్యేది కొన్ని మీటర్ల కింద నుంచి. మిట్టమధ్యాహ్నం, గాలి లేనప్పుడు పై పొర బాగా వేడెక్కుతుంది. ఆ తేడాలన్నీ గమనించాలి. ఎవరి మాటకు ఎంత బరువివ్వాలో తేల్చాలి. మబ్బు కింద ఖాళీగా మిగిలినచోట, చుట్టుపక్కలవాటిని బట్టి నింపాలి. చివరికి ఒక పటం రావాలి.

అంటే తీర్పు చెప్పేవాడు ఇతనే. మరి ఇతను తప్పు చేస్తే పట్టుకునేదెవరు?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కంప్యూటర్లు వచ్చిన తొలి రోజుల్లో మా బ్రాంచికి ఓ ప్రోగ్రాం వచ్చింది. డిపాజిట్ల మీద వడ్డీ అదే లెక్కగట్టేస్తుంది. ఓ లీపు సంవత్సరంలో కొన్ని ఖాతాల్లో కొద్దిపాటి తేడా వచ్చింది. చేత్తో వేస్తే ఒకటి, మెషీన్ వేస్తే ఒకటి. ఎందుకొచ్చిందని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. లోపల ఏ సూత్రం రాశారో మాకు చూపించరు. అది కంపెనీ రహస్యం. ''కంప్యూటర్ తప్పు చేయదండీ'' అన్నారు. నాలుగు నెలలకు ఎవరో వచ్చి ఏదో మార్చి వెళ్లారు. ఏం మార్చారో ఇప్పటికీ తెలియదు. అదే పాత లెడ్జర్లో అయితే? ఒక్క అంకె దిద్దినా పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో పదేళ్ల తర్వాత వచ్చిన ఆడిటర్‌కి కూడా తెలుస్తుంది.

మా కోడలు వాడే సాఫ్ట్‌వేర్లు ఆ పాత లెడ్జర్ల లాంటివి. వాటిని ఓపెన్ సోర్స్ అంటారు. లోపల రాసిన ప్రతి వరుసా ఎవరైనా చదవచ్చు. తప్పనిపిస్తే చెప్పచ్చు. చేతనైతే దిద్ది పంపచ్చు. ఎవరు ఏ రోజు ఏ వరుస మార్చారో, ఎందుకు మార్చారో అన్నీ నమోదై ఉంటాయి. ''ఇదిగో మావయ్యగారూ, మీ పొట్టి సంతకాలు'' అంటూ ఆ జాబితా తెరిచి చూపించింది. చెబితే నవ్వుతారేమోగానీ, నాకు కళ్లు చెమర్చినంత పనైంది.

వాటి పుట్టిళ్లు కూడా తలో దేశంలో ఉన్నాయి. సముద్రపు లెక్కల్ని పటాలుగా గీసే ఫెరెట్ అమెరికాలోని సియాటిల్‌లో, అక్కడి ప్రభుత్వ సముద్ర పరిశోధనశాలలో పుట్టింది. మా కోడలు ఎమ్మెస్సీలో అక్షరాలు దిద్దింది దాంతోనే. మబ్బుల కింద ఖాళీలు నింపే డినియాఫ్ బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానిది. ఆర్గో సమాచారాన్ని తేలిగ్గా తెచ్చిపెట్టే ఆర్గోపై ఫ్రాన్స్ వాళ్లు మొదలుపెట్టింది. వీటిలో ఆర్గోపైకి పైథాన్ అనే కంప్యూటర్ భాష ఆధారం. ఈ సమాచారమంతా దాచే ఫైళ్ల తీరు కూడా నాకు నచ్చింది. నెట్‌సీడీఎఫ్ అంటారు. పెళ్లికి సామాన్లు సర్దిన పెట్టె మూత మీద లోపలేమున్నాయో జాబితా అతికిస్తాం చూడండీ, అలా ప్రతి ఫైలూ తనలో ఏముందో, ఏ కొలమానంలో ఉందో తనే చెప్పుకుంటుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత తెరిచినవాడు కూడా 'ఇవి డిగ్రీలా, మీటర్లా?' అని తల పట్టుకోనక్కర్లేదు.

ఆర్గో అంకెల పక్కన కూడా ఓ మార్కు ఉంటుంది. 1 వేస్తే బాగుందని, 4 వేస్తే పనికిరాదని. ఫ్లోట్ పంపిన 24 గంటల్లోపే కంప్యూటర్ ఒక తనిఖీ చేసి అందరి ముందూ పెడుతుంది. తర్వాత తీరిగ్గా నిపుణులు కూర్చుని మళ్లీ సరిచూస్తారు. మొదటిది రోజువారీ డేబుక్కు. రెండోది ఆడిటయిన పద్దు. హిందూ మహాసముద్రం తరఫున ఈ ఆర్గో లెక్కలు చూసే ప్రాంతీయ కేంద్రం కూడా మన ఇన్‌కాయిసే.

ఉచితమా? స్వేచ్ఛా?

'ఊరికే ఇచ్చేది ఏం బాగుంటుంది?' అనేది మనలో చాలామందికి ఉండే అనుమానం. ఇంగ్లిష్‌వాళ్లకు ఇక్కడో ఇబ్బంది ఉంది. డబ్బు అక్కర్లేదన్నా వాళ్లకు ఫ్రీనే, బంధం లేదన్నా ఫ్రీనే. ఏది ఏదో విడమరచి చెప్పుకోవాలి. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసేవాళ్లు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

అలాగని డబ్బు సంగతి చిన్నదేమీ కాదు. లైసెన్సు కొనాల్సిన సాఫ్ట్‌వేరే అయితే ఏ చిన్న ఊరి కాలేజీలోనో చదివే పిల్లాడికి అది ఆకాశంలో చందమామ. ఇప్పుడు మచిలీపట్నంలో కూర్చున్న విద్యార్థి, సియాటిల్‌లో కూర్చున్న శాస్త్రవేత్త ఒకే సమాచారాన్ని, ఒకే పనిముట్టుతో చూడగలరు. అవసరమైతే 'మీ లెక్క తప్పండీ' అనగలరు. నాకు అన్నిటికన్నా విలువైంది ఆ చివరి మాటే.

''తలుపు తెరిచి ఉంటే సరిపోదు మావయ్యగారూ, లోపలికెళ్లి చూసేవాళ్లు ఉండాలి'' అంటుంది మా కోడలు. నిజమే. ఓపెన్ సోర్స్ అన్నంత మాత్రాన అందులో తప్పులుండవని కాదు. చూసే కళ్లు తక్కువైతే తప్పు తప్పుగానే ఉండిపోతుంది. ప్రపంచమంతా వాడే పనిముట్లలో కొన్నింటిని నలుగురైదుగురే, తీరిక దొరికినప్పుడు సరిచేస్తుంటారట. ఊరందరి చెరువు పూడిక తీయాల్సిన రోజున ఎంతమంది పార పట్టుకుని వస్తారో మనకు తెలియందా?

ఖాళీ పేజీ

ఇదంతా కాస్త అర్థమయ్యాక ఒకరోజు అడిగాను. చాలా రోజులుగా అడగాలనుకుంటున్నదే.

''అమ్మాయ్, 1977 నవంబరుది తీయగలవా? అప్పుడు బంగాళాఖాతం ఎలా ఉందో చూడాలనుంది.''

కోడలు వెంటనే ఏమీ అనలేదు. తనకు మా ఇంటి సంగతి తెలుసు. కాసేపాగి నెమ్మదిగా చెప్పింది. ''అప్పటికి ఆర్గో లేదు మావయ్యగారూ. సముద్రాల కోసమే సీశాట్ అనే ఉపగ్రహాన్ని నాసా పంపింది 1978 జూన్‌లో. అదీ అక్టోబరుకల్లా ఆగిపోయింది.''

అంటే ఏడు నెలల తేడా. పంపినా అది మన తుపాన్ల కోసం కాదు, ఆ అంకెలు మన ఊరికి చేరేవీ కావు. అయినా ఆ తేడా నా మనసులో ముల్లులా ఉండిపోయింది. మా మేనమామను ముంచిన సముద్రం లోపల ఆ వారం ఎంత వేడి దాగుందో ఇక ఎవరికీ, ఎప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ పేజీలో అంకెలు లేవు. ఎవరూ రాయనప్పుడు ఏ ఆడిటర్ మాత్రం ఏం చేస్తాడు?

ఆ తర్వాతి పేజీల్లో మాత్రం అంకెలున్నాయి. 1999 అక్టోబరు 29న ఒడిశాను సూపర్ సైక్లోన్ ముంచెత్తింది. దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న అదే ఒడిశాలో గోపాలపూర్ దగ్గర పైలిన్ తీరం దాటింది. అదీ చాలా తీవ్రమైన తుపానే. కానీ ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. మృతులు పదుల్లోనే ఆగారు. ఆ పదులూ ఎవరో ఒకరి మేనమామలే. అయినా వేలకీ పదులకీ తేడా ఎంతో నాకు తెలుసు.

ఆ తేడా సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. వాతావరణ శాఖ అంచనాలు, తుపాను షెల్టర్లు, ఊరూరా తిరిగి జనాన్ని బతిమాలి లారీలెక్కించిన అధికారులు, రోడ్లు, ఫోన్లు... ఎన్నో కలిస్తే అయింది. కానీ ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు 'ఇది తలుపులు బిగించుకునే తుపాను కాదు, ఇల్లొదిలి వెళ్లాల్సిందే' అని ధైర్యంగా చెప్పాలి. ఆ మాట తప్పయితే లక్షల మందిని అనవసరంగా తిప్పినట్టు. వచ్చేసారి ఇంకెవరూ వినరు. కాబట్టి చెప్పేవాడికి తన లెక్క మీద నమ్మకముండాలి. లెక్క మీద నమ్మకం ఎలా వస్తుంది? రెండు పుస్తకాలు కలిసినప్పుడు. కలిపిన విధానం ఎవరైనా తెరిచి చూడగలిగినప్పుడు.

ఇప్పుడు నేనూ అప్పుడప్పుడూ కోడలి పక్కన కూర్చుని ఫ్లోట్ల లెక్కలు చూస్తుంటాను. ప్రోగ్రాం రాయడం నాకు రాదు, వస్తుందన్న ఆశా లేదు. కానీ పద్దులో ఎక్కడో తేడా ఉందంటే నా కన్ను అక్కడికే పోతుంది. ఓ ఫ్లోట్‌లో ఉప్పు లెక్క నెలనెలా ఒకే వైపు జరుగుతూ పోతుంటే, ''ఈ శాల్తీ చిల్లర నొక్కేస్తోందమ్మా'' అన్నాను. చూస్తే అప్పటికే ఎవరో ఆ అంకెల పక్కన 4 వేసి ఉంచారు. సెన్సర్ పాడైందట. నాకంటే ముందే చూసినవాడెవడో, ఏ దేశంవాడో తెలియదు. మనసులోనే ఓ దణ్నం పెట్టుకున్నాను.

మీ ఇంట్లోనూ కంప్యూటర్ చదువు చదివే పిల్లలుంటారు. ఉద్యోగం, వీసా, జీతం... వాళ్ల ఆలోచనలు వాళ్లకుంటాయి, ఉండాలి కూడా. కానీ ఓ ఆదివారం సాయంత్రం వాళ్లని కూర్చోబెట్టి ఈ తెరిచిన తలుపుల సంగతి చెప్పండి. ఆర్గో అంకెలు ఎవరైనా తీసుకోవచ్చు. పనిముట్లు ఎవరైనా వాడుకోవచ్చు. బంగాళాఖాతం మనది, నష్టపోయేదీ మనమే. దాని పద్దులు సరిచూసేవాళ్లలో మన పిల్లలు ఇంకొందరుంటే మంచిదే కదా. ఆ పటంలో ఎర్ర మచ్చ చూసి, 'ఇది ఎవరు లెక్కగట్టారు, ఎలా లెక్కగట్టారు?' అని వాళ్లు అడిగితే చాలు. జవాబు దాచేవాళ్లు అక్కడెవరూ లేరు.